బండీ లేదు, నాణెమూ లేదు – మాయా ప్రజల వర్తకం

మీ ఇంట్లో నెలకు ఎంత ఉప్పు ఖర్చవుతుందో ఎప్పుడైనా లెక్క వేశారా? ఎండలో ఒళ్లు వంచి పనిచేసే మనిషికి రోజుకు సుమారు 8 గ్రాముల ఉప్పు కావాలనుకుందాం. అప్పుడు 50,000 జనాభా ఉన్న పట్టణానికి రోజుకు 400 కిలోలు, ఏడాదికి 146 టన్నుల ఉప్పు కావాలి. ఆ పట్టణం దట్టమైన అడవి నడుమ, సముద్రానికి వంద కిలోమీటర్లకు పైగా దూరాన ఉందనుకోండి. చుట్టుపక్కల ఉప్పు గనులు లేవు. లారీ లేదు, రైలు లేదు. ఎడ్లబండి లేదు. గుర్రం మాట అటుంచి, మూట మోయడానికి గాడిద కూడా లేదు. మరి ఆ పట్టణం వందల ఏళ్లు ఎలా బతికింది?

ఇది మేము కల్పించిన పొడుపుకథ కాదు. నేటి గ్వాటెమాలా ఉత్తర భాగంలోని అడవుల్లో టికాల్ అనే పట్టణం ఉండేది. మాయా ప్రజలు నిర్మించిన మహానగరాల్లో అది ఒకటి. మెక్సికో దక్షిణ భాగం, గ్వాటెమాలా, బెలీజ్, హోండురాస్, ఎల్ సాల్వడార్ దేశాల్లో విస్తరించిన మాయా నాగరికత క్రీ.శ. 250 నుంచి 900 వరకు ఉచ్ఛదశలో ఉంది. మెట్ల పిరమిడ్లు, సున్నాతో కూడిన సంఖ్యామానం, శుక్రగ్రహ గమనాన్ని పట్టి చూపిన పంచాంగం – ఇవన్నీ మీరు విని ఉంటారు. కాని ఆ పిరమిడ్లు కట్టినవారు ఏం తిన్నారు? ఆ సరుకు ఎక్కడ కొన్నారు? దేనితో కొన్నారు? ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి శాస్త్రజ్ఞులు చాలా తంటాలు పడవలసి వచ్చింది.

శాసనాలు చెప్పని సంగతి

మాయా ప్రజలకు లిపి ఉంది. రాతి స్తంభాల మీద వేల శాసనాలు చెక్కారు. వాటిలో రాజుల పుట్టుకలు, పట్టాభిషేకాలు, యుద్ధాలు, పూజలు తేదీలతో సహా ఉన్నాయి. వర్తకం గురించి మాత్రం దాదాపు ఏమీ లేదు. చెట్టు బెరడుతో చేసిన కాగితం మీద వారు పుస్తకాలు కూడా రాసుకున్నారు. 1562లో యుకటాన్‌లోని మానీ అనే ఊళ్లో డీగో డి లాండా అనే స్పానిష్ మతాధికారి దొరికిన పుస్తకాలనన్నిటినీ తగలబెట్టించాడు. నేడు ప్రపంచం మొత్తం మీద మిగిలిన మాయా పుస్తకాలు నాలుగే. వాటిలో గ్రహగతులు, పూజావిధులు ఉన్నాయి గాని చిట్టా ఆవర్జాలు లేవు.

లిఖితపూర్వకమైన ఆధారం లేకపోవడంతో 20వ శతాబ్దం మధ్య వరకు పండితుల్లో ఒక అభిప్రాయం బలంగా ఉండేది. ఈ పట్టణాలు నిజమైన ఊళ్లు కావనీ, పూజారులు మాత్రమే ఉండే పుణ్యక్షేత్రాలనీ, రైతులు పండుగలకు వచ్చి పోయేవారనీ వారు తలచారు. జనమే లేని చోట అంగడి ఎందుకు? తరువాత జరిగిన తవ్వకాలు ఈ ఊహను తలకిందులు చేశాయి. గుళ్ల చుట్టూ వేలాది ఇళ్ల పునాదులు బయటపడ్డాయి. విమానం నుంచి లేజర్ కిరణాలు పంపి, చెట్ల కింద నేలను కొలిచే లైడార్ పద్ధతిలో ఉత్తర గ్వాటెమాలాలో 2,100 చదరపు కిలోమీటర్లకు పైగా సర్వే చేసి 2018లో ఫలితాలు ప్రకటించారు. 60 వేలకు పైగా కట్టడాలు కనిపించాయి. ఇంతమంది ఉన్నచోట ఉప్పూ, కత్తీ, కుండా ఎక్కడి నుంచో రావాలి కదా!

వీపే బండి

మాయా ప్రజలకు చక్రం తెలియదని కొన్ని పుస్తకాల్లో చదివి ఉంటారు. ప్రాచీన మెక్సికోలో చక్రాలున్న మట్టి బొమ్మలు దొరికాయి. కాబట్టి ఆ ప్రాంతంలో చక్రం ఊహకు అందనిదేమీ కాదు. కాని బండి ఉంటే సరిపోదు, దాన్ని లాగే జంతువు కావాలి. ఎద్దు, గుర్రం, గాడిద – ఇవేవీ ఆనాటి మధ్య అమెరికాలో లేవు. కొలంబస్ తరువాతే అవి ఓడల్లో వచ్చాయి. అందువల్ల నేల మీద సరుకంతా మనిషి వీపు మీదే నడిచింది. మూటకు కట్టిన పట్టీని నుదుటికి తగిలించుకుని, ముందుకు వంగి నడిచేవారు. నేపాల్, డార్జిలింగ్ కొండల్లో కూలీలు ‘నామ్లో’ అనే పట్టీతో బరువులు మోయడం మీరు చూసి ఉంటే, ఆ దృశ్యం సులువుగా ఊహించుకోగలరు.

ఒక మనిషి ఎంత మోయగలడు? మెక్సికో కూలీలు దాదాపు 23 కిలోల బరువుతో రోజుకు 5 లీగులు, అంటే 20 కిలోమీటర్ల పైచిలుకు నడిచేవారని స్పానిష్ సైనికుడు బెర్నాల్ డియాజ్ రాశాడు. దీనితో ఒక చిన్న లెక్క చేద్దాం. 23 కిలోల మొక్కజొన్న మూటతో ఒకడు 270 కిలోమీటర్ల ప్రయాణానికి బయలుదేరాడు. పోవడానికి 12 రోజులు, రావడానికి 12 రోజులు. రోజుకు కిలో జొన్నలు తింటే 24 కిలోలు కావాలి. మోసినదంతా మోసినవాడికే సరిపోదు!

మాయా వర్తకపు కీలకమంతా ఈ లెక్కలో ఉంది. ధాన్యం వంటి బరువైన, చౌక సరుకు నేల మీద దూరం పోదు. దగ్గరి అంగళ్లలోనే అమ్ముడవుతుంది. తేలికైన, ఖరీదైన సరుకు మాత్రమే వీపు మీద దూరదేశం వెళ్లగలదు. పచ్చరాయి, క్వెట్జల్ పక్షి ఈకలు, సముద్రపు గవ్వలు అటువంటివే. ఇక బరువైన సరుకు దూరం పోవాలంటే ఒకటే దారి, నీటి దారి. ఒక చెట్టు మానును తొలిచి చేసిన దోనె, కొద్దిమంది తెడ్డు వేసినా, ఎందరో కూలీల మోతను ఒక్కసారే తీసుకుపోగలదు. మాయా పట్టణాల పటాన్ని నదుల పటంతో కలిపి చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది.

నీట మునిగిన ఉప్పు కొట్టాలు

ఇప్పుడు మన ఉప్పు సమస్యకు వద్దాం. యుకటాన్ ఉత్తర తీరంలో ఎండ తీక్షణం, వాన తక్కువ. అక్కడ తీరపు మడుగుల్లో నీరు ఆవిరై ఉప్పు తనంతట తానే తేరేది. కాని టికాల్ నుంచి ఆ తీరం 400 కిలోమీటర్ల పైనే. ఇంకా దగ్గరలో మరో చోటు ఉందా?

2004లో బెలీజ్ దక్షిణ తీరంలోని పెయిన్స్ క్రీక్ అనే చోట హెదర్ మెక్‌కిలప్ అనే పురాతత్వ శాస్త్రజ్ఞురాలి బృందం లోతులేని ఉప్పుటేరులో వెతుకుతూ ఉండగా, నీటి అడుగున బురదలో కొయ్య గుంజలు తగిలాయి. అవి వెయ్యేళ్లకు పైబడిన ఇళ్ల గుంజలు! సముద్రమట్టం పెరగడంతో ఆ స్థలాలు మునిగిపోయాయి. మడ చెట్ల వేళ్లతో ఏర్పడిన మెత్తటి మట్టిలోకి గాలి చొరబడక కొయ్య కుళ్లిపోలేదు. ఆ తరువాత అదే ప్రాంతంలో ఇటువంటి ఉప్పు కేంద్రాలు వందకు పైగా బయటపడ్డాయి. ఉప్పునీటిని మట్టికుండల్లో పోసి, కింద మంట పెట్టి మరిగించేవారు. ఆ కుండల పెంకులూ, వాటిని నిలబెట్టిన మట్టి స్తంభాలూ కుప్పలుగా దొరికాయి. అక్కడే ఒక పూర్తి తెడ్డు కూడా దొరికింది. ఉప్పు వండినవారు దాన్ని దోనెల్లో ఎగుమతి చేశారనడానికి ఇంతకంటె సాక్ష్యం ఏం కావాలి? అక్కడి రాతి పనిముట్ల అంచుల అరుగుదలను సూక్ష్మదర్శినిలో పరీక్షించగా, చాలా వాటిని చేపలు, మాంసం కోయడానికి వాడినట్లు తేలింది. అంటే ఉప్పుతో పాటు ఉప్పుచేప కూడా లోపలి ఊళ్లకు ప్రయాణం చేసిందన్నమాట.

రాయి చెప్పిన చిరునామా

ఇంట్లో కూర తరగాలన్నా, తోలు కోయాలన్నా కత్తి కావాలి. మాయా ప్రజలు తమ ఉచ్ఛదశలో లోహపు పనిముట్లు వాడలేదు. వారి కత్తి అబ్సీడియన్. అగ్నిపర్వతం కక్కిన లావా చప్పున చల్లారినప్పుడు ఏర్పడే నల్లటి సహజమైన గాజు ఇది. సరిగా చెక్కితే దీని అంచు ఉక్కు కత్తికంటె పదునుగా ఉంటుంది. అయితే ఇది అగ్నిపర్వతాలున్న చోటనే దొరుకుతుంది. టికాల్ ఉన్నదేమో సున్నపురాతి మైదానం.

ఏ కత్తి ఏ కొండ నుంచి వచ్చిందో తెలుసుకోవడం ఎలా? ప్రతి కొండ లావాలోనూ రుబీడియం, స్ట్రాన్షియం, జిర్కోనియం వంటి మూలకాలు అతి స్వల్ప మోతాదుల్లో ఉంటాయి. ఆ మోతాదులు కొండకొండకూ వేరు. రాతిముక్క మీద ఎక్స్ కిరణాలు ప్రసరింపజేస్తే ఒక్కో మూలకం తనదైన శక్తితో కిరణాలను వెలువరిస్తుంది. వాటిని కొలిచి, కొండల నమూనాలతో పోల్చితే ఆ ముక్క పుట్టిల్లు తెలిసిపోతుంది. మన వేలిముద్రల వంటిదే ఇది కూడా.

ఈ పద్ధతిలో తేలినదేమిటంటే – టికాల్‌లో వాడిన అబ్సీడియన్‌లో ఎక్కువ భాగం నేటి గ్వాటెమాలా నగరం దగ్గరి ఎల్ చయాల్ నుంచి వచ్చింది. దూరం 250 కిలోమీటర్లకు పైమాటే. అక్కడికి తూర్పున ఉన్న ఇష్టెపెకె కొండ రాయి మోటగువా నది మీదుగా దిగి, కరేబియన్ తీరం వెంబడి దోనెల్లో ఉత్తరానికి సాగింది. ఇక ఆకుపచ్చ రంగు అబ్సీడియన్ ముక్కలు కొన్ని మధ్య మెక్సికోలోని పచూకా నుంచి, సుమారు 1,000 కిలోమీటర్ల దూరం నుంచి, టికాల్ చేరాయి.

అదే మోటగువా లోయలో మాయా ప్రజలు బంగారం కంటె మిన్నగా ఎంచిన పచ్చరాయి, జేడ్, దొరికేది. 1968లో బెలీజ్‌లోని ఆల్టున్ హా సమాధిలో 4.42 కిలోల జేడ్ శిరస్సు బయటపడింది. సూర్యదేవుని రూపంగా చెప్పే ఆ శిల్పం లభించిన చోట చుట్టుపక్కల ఎక్కడా జేడ్ లేదు. ఆ రాయి దూరదేశం నుంచి వచ్చినదే.

గోడ మీద అంగడి

సరుకు కదిలిందని రుజువైంది. కాని ఎవరి కోసం? రాజు కప్పం కింద పోగుచేసి తన వారికి పంచాడా, లేక మామూలు జనం బేరమాడి కొనుక్కున్నారా? చాలాకాలం పండితులు మొదటి మాటనే నమ్మారు. రాతి శాసనాల నిండా రాజులే ఉన్నారు కాబట్టి, వర్తకమంతా రాజుదేనని అనుకోవడం సహజమే.

2004లో మెక్సికోలోని కలక్‌ముల్ పట్టణంలో తవ్వకాలు జరుపుతుండగా, తరువాతి కాలపు కట్టడం కింద కప్పడిపోయిన ఒక మెట్ల కట్టడం కనిపించింది. దాని గోడల మీద క్రీ.శ. 7వ శతాబ్దపు రంగుల చిత్రాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. చిత్రాల్లో రాజు లేడు, దేవుడు లేడు. ఒకామె గంజి వంటి పానీయం పోస్తున్నది. ఒకడు తాగుతున్నాడు. ఇంకొకరి ముందు కుండలు. మరొకరి ముందు బుట్ట. ప్రక్కన రాసిన అక్షరాలను చదివితే ‘మొక్కజొన్న మనిషి’, ‘ఉప్పు మనిషి’, ‘పొగాకు మనిషి’, ‘కుండల మనిషి’ అని తేలింది! మనం ‘పాలాయన వచ్చాడు’, ‘కూరలావిడ పిలుస్తోంది’ అనమూ? సరిగ్గా అటువంటి పిలుపులే ఇవి. ఈ చిత్రాల వివరాలు 2009లో ప్రచురితమయ్యాయి. ఇవి అంగడి దృశ్యాలేనని అధిక సంఖ్యాకుల అభిప్రాయం.

గోడ బొమ్మలు లేని చోట ఏం చేయాలి? అంగడి అంటే ఖాళీ మైదానం, తాటాకు పందిళ్లు. వెయ్యేళ్లకు ఏమీ మిగలదు. అయితే మట్టిలో జ్ఞాపకం మిగులుతుంది. పండ్లు, మాంసం, వండిన తిండి అమ్మే చోట చెత్త కుళ్లి నేలలో భాస్వరం చేరుతుంది. అది మట్టిలోని కాల్షియం, ఇనుములతో గట్టిగా కలిసిపోయి వానలకు కూడా కొట్టుకుపోదు. యుకటాన్‌లోని చుంచుక్‌మిల్ అనే ప్రాచీన పట్టణం నడిబొడ్డున ఉన్న ఖాళీ స్థలంలో అడుగడుగునా మట్టి తీసి భాస్వరం కొలిచారు. గ్వాటెమాలాలోని ఆంటిగ్వా ఊళ్లో ఈ కాలపు సంత జరిగిన నేలను కూడా అదే విధంగా కొలిచారు. రెండింటి తీరూ పోలింది. చుంచుక్‌మిల్ చుట్టూ నేల సారం లేనిది. వర్తకమే దాన్ని నిలబెట్టిందని పరిశోధకులు 2007లో వివరించారు.

ఇంకా బలమైన సాక్ష్యం ఎల్ సాల్వడార్‌లో ఉంది. క్రీ.శ. 7వ శతాబ్దంలో అగ్నిపర్వతం పేలి జోయా డి సెరెన్ అనే పల్లెను బూడిదలో కప్పేసింది. జనం పారిపోయారు గాని సామాను ఉన్నది ఉన్నట్లు ఉండిపోయింది. 1978 నుంచి పేసన్ షీట్స్ బృందం జరిపిన తవ్వకాల్లో ఏం కనిపించింది? సామాన్య రైతుల పూరిళ్లలో అబ్సీడియన్ కత్తులు, రంగుల పళ్లేలు, పచ్చరాతి గొడ్డలి! ఒక ఇంటివారు తమకు కావలసిన దానికంటె ఎక్కువ తిరగళ్ల రాళ్లు చేశారు. మరొకరు నార మొక్కలు ఎక్కువగా పెంచారు. మిగులు ఇచ్చి కావలసినది తెచ్చుకున్నారన్నమాట. ఇక్కడ రైతు కేవలం కప్పం కట్టినవాడే కాదు, నచ్చినది ఏరి కొనుక్కున్నవాడు కూడా.

చెట్టుకు కాసిన డబ్బు

‘డబ్బులు చెట్టుకు కాస్తాయా?’ అని పెద్దలు మనల్ని కోప్పడుతూ ఉంటారు. మాయా దేశంలో నిజంగానే కాశాయి! ఆ చెట్టు కకావ్, అంటే మన కోకో. నేడు గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతరపంటగా పెరుగుతున్నది ఇదే. దాని గింజలను నూరి, నీళ్లలో కలిపి, నురగ వచ్చేలా పైనుంచి ధారగా పోసి తాగేవారు. గ్వాటెమాలాలోని రియో అసుల్ సమాధిలో 1984లో దొరికిన ఒక కుండ మీద ‘కకావ్’ అనే మాట రాసి ఉంది. కుండలోని మడ్డిని పరీక్షిస్తే కోకోలో ఉండే థియోబ్రోమిన్ అనే రసాయనం కనిపించింది. లిపి చదివినవారి మాట రసాయన పరీక్షలో నెగ్గింది.

ఈ గింజ డబ్బుగా మారడానికి కారణాలున్నాయి. చెట్టుకు నీడ, తేమ, వెచ్చదనం మూడూ కావాలి. అందువల్ల కొన్ని లోయల్లోనే పండుతుంది. గింజ ఎండితే చాలాకాలం నిలుస్తుంది. చిన్నది కాబట్టి చిల్లరగా పనికివస్తుంది. పైగా అందరికీ ఇష్టమైనది. మన దేశంలో గవ్వలు చిల్లర నాణేలుగా చెల్లిన సంగతి గుర్తు చేసుకోండి. బొనాంపాక్ కుడ్యచిత్రాల్లో, క్రీ.శ. 790 ప్రాంతంలో, సింహాసనం పక్కన ఉన్న మూట మీద ‘ఐదు పిక్ కకావ్’ అని రాసి ఉంది. మాయా లెక్క ఇరవైలతో నడుస్తుంది – 20, దాని మీద 400, ఆ పైన 8,000. ఆ 8,000కే పిక్ అని పేరు. ఐదు పిక్ అంటే 40,000 గింజలు. శాసనాలు వర్తకం గురించి చెప్పకపోయినా, రాజుగారి మూటలో అంగడి డబ్బు దాగి ఉంది!

డబ్బు ఉన్నచోట దొంగడబ్బు ఉండకుండా ఉంటుందా? 16వ శతాబ్దపు అజ్టెక్ అంగళ్లలో గింజ లోపలి గుజ్జు తీసి, తోటకూర గింజల పిండి, మైనం వంటివి కూరి అమ్మే మోసగాళ్లుండేవారని స్పానిష్ రాతల్లో ఉంది. 1545లో మధ్య మెక్సికోలోని ట్లాష్కాలాలో రాసిన ధరల పట్టిక ప్రకారం పెద్ద టొమాటో ఒక గింజ, అప్పుడే కోసిన అవకాడో మూడు గింజలు, సీమకోడి పెట్ట 100 గింజలు.

రాజులు పోయారు, దోనెలు మిగిలాయి

క్రీ.శ. 9వ శతాబ్దంలో టికాల్, కలక్‌ముల్ వంటి లోతట్టు పట్టణాలు ఒక్కొక్కటే పాడుబడ్డాయి. ఎడతెగని యుద్ధాలు, పదేపదే వచ్చిన అనావృష్టి ఇందుకు ముఖ్య కారణాలు. శాసనాలు ఆగిపోయాయి. శాసనాలనే నమ్ముకుంటే అక్కడితో కథ ముగిసినట్లే. కాని వర్తకం ఆగలేదు, దారి మార్చుకుంది. అడవి బాటలు వదిలి, యుకటాన్ ద్వీపకల్పాన్ని చుట్టి వచ్చే సముద్రమార్గం పట్టింది. చిచెన్ ఇట్జా పట్టణానికి ఇస్లా సెరిటోస్ అనే చిన్న దీవి రేవుగా ఉపయోగపడింది. మెక్సికో అబ్సీడియన్, దూరదేశపు బంగారం ఈ విధంగానే అక్కడికి చేరాయి.

విచిత్రమేమిటంటే, ఈ చివరి దశ వర్తకం గురించి మనకు ఎక్కువగా చెప్పినవాడు పుస్తకాలు తగలబెట్టించిన లాండాయే. 1566 ప్రాంతంలో అతను రాసిన గ్రంథంలో వర్తకులు ఉప్పు, బట్టలు, బానిసలను హోండురాస్‌లోని ఉలూవా, మెక్సికోలోని టబాస్కో ప్రాంతాలకు తీసుకుపోయి, కకావ్, పచ్చరాతి పూసలు తెచ్చేవారని ఉంది. మనుషులు కూడా సరుకైన ఈ చీకటి కోణాన్ని మనం దాటవేయకూడదు. వర్తకులు అప్పులిచ్చి పుచ్చుకునేవారనీ, వడ్డీ అడిగేవారు కాదనీ కూడా అతను రాశాడు. దారిలో రాత్రి మకాం వేసిన చోట మూడు రాళ్లు పెట్టి, ధూపం వేసి, వర్తకుల దేవుడు ఎక్ చువాను క్షేమంగా ఇల్లు చేర్చమని మొక్కుకునేవారట. 15వ శతాబ్దం మధ్యలో మాయపాన్ పట్టణంలో తిరుగుబాటు జరిగి పాలక కోకోమ్ వంశాన్ని ఊచకోత కోసినప్పుడు, బతికి బయటపడిన కుమారుడు ఒక్కడే. అతను ఆ సమయంలో ఉలూవాకు వర్తకానికి వెళ్లాడు! రాజవంశపు పిల్లలు సైతం దోనె ఎక్కి బేరానికి పోయేవారని దీనివల్ల తెలుస్తున్నది.

1502లో కొలంబస్ తన నాలుగో యాత్రలో హోండురాస్ తీరాన గ్వానాహా దీవి దగ్గర ఒక పెద్ద దోనెను అడ్డగించాడు. పాతిక మంది తెడ్డు వేస్తున్నారు. తాటాకు వంటి ఆకులతో వేసిన పందిరి కింద స్త్రీలు, పిల్లలు, సరుకు. రంగుల నూలు బట్టలు, చెకుముకిరాతి అంచున్న కొయ్య కత్తులు, రాగి గొడ్డళ్లు, గంటలు ఉన్నాయి. అది మాయా వర్తకుల దోనె అని చాలామంది పండితుల అభిప్రాయం. అందులోని కొన్ని గింజలను స్పెయిన్‌వారు బాదం పప్పులనుకున్నారు. అవి కింద పడితే దోనెలోని వారంతా ఆత్రంగా వంగి ఏరుకోవడం చూసి వారికి ఆశ్చర్యం వేసిందని కొలంబస్ కుమారుడు రాశాడు. తాము చూస్తున్నది ఒక దేశపు డబ్బు అని వారికి అప్పుడు తెలియలేదు.

రాజుల శాసనాలను చదివితే ఒక చరిత్ర కనిపిస్తుంది. ఉప్పుకుండ పెంకునూ, కత్తి ముక్కనూ, సంత నేలలోని భాస్వరాన్నీ చదివితే ఇంకొక చరిత్ర కనిపిస్తుంది. మొదటిదానిలో పట్టణాలు ఒకనాడు వెలిసి ఒకనాడు మాయమయ్యాయి. రెండవదానిలో నుదుటి పట్టీతో మూట మోసినవాడు, ఉప్పు వండినవాడు, గంజి పోసి అమ్మిన ఆవిడ ఉన్నారు. వారు మాయం కాలేదు. వారి సంతతి ఈనాటికీ గ్వాటెమాలా, మెక్సికోలలో లక్షల సంఖ్యలో ఉన్నారు, మాయా భాషలే మాట్లాడుతున్నారు. గ్వాటెమాలా కొండల్లోని చిచికాస్తెనాంగో సంతలో గురువారం, ఆదివారం నాడు రంగురంగుల బట్టలు కట్టిన ఆడవాళ్లు చాపల మీద కూరగాయలు పరచుకుని నేటికీ బేరాలాడుతూనే ఉంటారు.